భుజాలు తడుముకొన్నవాడే దొంగా?

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



మన పాఠశాల డెబ్బదియైదేండ్ల చరిత్రను గూర్చి మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను కోరారు. ఆ చరిత్రను నాకంటె బాగా ఎరిగిన పెద్దలు ఈ సంచికలో వ్రాశారు. చెన్నపట్టణంలో తెలుగు మాధ్యమంలో ఒక బడిని నిలబెట్టడానికి ఎవరెవరు ఎంత పాటుపడ్డారో వారి వ్యాసాలలో ఉంది. నేను మళ్లీ చెబితే చర్వితచర్వణమే అవుతుంది. అందువలన, సంఘంవారి అనుమతితోనే, నిరుడు నా గదిలో జరిగిన ఒక సంగతి చెప్పదలచుకొన్నాను. అది ఈ బడి చరిత్రలోని మరొక సంగతిని, నేను ఇంతవరకు ఏ సభలోను చెప్పని దానిని, నాకు గుర్తుచేసింది.

నిరుడు జూన్ నెలలో బడి తెరచిన వారంలో, సాయంకాలం చివరి గంట కొట్టిన తరువాత, నాలుగు కుటుంబాలవారు కలసి నా గదికి వచ్చారు. అందరూ మనవారే. ఇద్దరి పిల్లలు ఇప్పటికీ ఇక్కడే చదువుతున్నారు. వారితోపాటు ఒక యువకుడు. అతడు మన పూర్వ విద్యార్థి, ఆరవ తరగతిలో నా దగ్గర చదివినవాడు. ఈ నాలుగు కుటుంబాలవారు కలిపి అతని చేతికి 6,40,000 రూపాయలు ఇచ్చారు. అతడు ఆ డబ్బుతో క్రిప్టో కరెన్సీ కొని, అందరిదీ కలిపి తన ఫోనులోని ఖాతాలోనే ఉంచాడు. అదంతా ఒక రాత్రి మాయమైంది. ఎవరో దొంగిలించారని అతడంటాడు. వాడే తిన్నాడని వీరంటారు.

స్టీలు పాత్రల అంగడి పెట్టుకొన్న పెద్దమనిషి ఒకాయన అన్న మాట నాకింకా వినిపిస్తున్నది. "టీచరమ్మా, ఇన్నేండ్లుగా పిల్లల ముఖాలు చూస్తున్నారు. పొడి సున్నం తిన్నదెవరో, చీటీ కాపీ కొట్టిందెవరో ముఖం చూసి చెప్పేస్తారు మీరు. వీడి ముఖం చూసి చెప్పండి. తిన్నాడా, లేదా? మీరేమి చెబితే మేము దానికి కట్టుబడతాము."

దాచకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కొంచెం గర్వమే కలిగింది. తరువాత ఆ యువకుని వైపు చూశాను. తల వంచుకొని నిలబడి ఉన్నాడు. పైపెదవి మీద చెమట. ఏదో అడిగితే గుటక మింగి, ఆలస్యంగా జవాబు చెబుతున్నాడు. అప్పుడు గర్వం పోయి భయం వేసింది. అటువంటి ముఖాన్నే నేను 2001లో ఒకసారి చూశాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నాడని మనకొక సామెత ఉంది. ఆ సామెతను మన తాతలు తరతరాలుగా చెబుతూ వచ్చారు, మనమూ చెబుతున్నాము. కాని ఒక్కసారి ఆ గుంపులో మిమ్మల్ని ఊహించుకోండి. ఊరంతా చూస్తుండగా, దొంగ భుజాల మీద బూడిద అంటి ఉంటుందని ఎవరో కేక వేస్తే, గుమ్మడిపాదు ముఖమైనా చూడనివాడు కూడా ఒకసారి తన భుజం చూసుకోడా?

2001లో నేను పదవ తరగతికి క్లాసు టీచరును. పన్నెండుమంది పిల్లల వద్ద వసూలైన పరీక్ష రుసుము 2,160 రూపాయలు ఒక కవరులో పెట్టి నా మేజా సొరుగులో ఉంచాను. మధ్యాహ్నానికి కవరు లేదు. విరామంలో ఆ గదిలోకి వెళ్లినవాడు ఒక్కడే, సుద్దముక్కల పెట్టె తెచ్చిపెట్టే మానిటరు. అతనిని ఉపాధ్యాయుల గదికి పిలిపించాను. ముగ్గురు పెద్దలం కూర్చొని ప్రశ్నలు వేశాము. ఆ పిల్లవాడు నేల వైపు చూస్తూ నిలబడ్డాడు, పెదవులు ఎండిపోయాయి. రెండు ప్రశ్నలకు రెండు రకాలుగా జవాబు చెప్పాడు. బి.ఎడ్.లో చదువుకొన్న మనస్తత్వశాస్త్రం మీద, నా మీద నాకు గట్టి నమ్మకం. "నీ ముఖమే చెబుతున్నది" అన్నాను.

అతని తండ్రి అద్దకపు పని చేసేవాడు. రెండు వాయిదాలలో ఆ డబ్బు కట్టాడు. నన్ను ఒక్క మాటైనా అనలేదు. అర్ధసంవత్సర పరీక్షలయ్యాక ఆ పిల్లవాడు టీసీ తీసుకొని వెళ్లిపోయాడు.

మార్చిలో లెక్కల తనిఖీ జరిగినప్పుడు సంగతి బయటపడింది. ఆ ఉదయం ఒక సీనియర్ ఉపాధ్యాయుడు, సొరుగుకు తాళం లేదని గమనించి, కవరును ఆఫీసులో అప్పగించి నగదు పుస్తకంలో పద్దు వ్రాయించారు. మధ్యాహ్నమే ఆయనకు గుండెనొప్పి వచ్చింది, నెలల తరబడి సెలవులో ఉండిపోయారు. పద్దు మాత్రం అదే తేదీ క్రింద ఉంది, మొత్తం సరిగా ఉంది. నేనున్న గదికి నగదు పుస్తకం ఉన్న గది ఇరవై అడుగుల దూరం. నేను పుస్తకం చూడలేదు. ముఖం చూశాను.

డబ్బు తీసుకొని వారి ఇంటికి వెళ్లాను. ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు వైపు వెళ్లారన్నారు.

ఆ తరువాత చాలా ఏండ్లు నేను ఈ విషయాన్ని తప్పించుకొని తిరిగాను. నిరుడు ఈ నాలుగు కుటుంబాలవారు వచ్చాక మాత్రం, చదివి తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ముఖం చూచి అబద్ధం కనిపెట్టగలమా అన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 206 పత్రాలలోని ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. వాటిలో తీర్పరులుగా పాల్గొన్నవారు 24,483 మంది. వారు నూటికి 54 సార్లు మాత్రమే సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగురవేసి బొమ్మా బొరుసా అని చెప్పినా 50 వస్తుంది. అందులోను అబద్ధాలను అబద్ధాలుగా గుర్తించింది నూటికి 47 మాత్రమే. పోలీసులు, న్యాయాధిపతులు వంటి అనుభవజ్ఞులు సామాన్యులకంటె మెరుగుగా చెప్పిందేమీ లేదని కూడా తేలింది. ఉపాధ్యాయులం మనం ఏపాటి?

ఇంకొక సంగతి నన్ను మరింత కలతపెట్టింది. అబద్ధమాడేవాడిని ఎలా గుర్తిస్తారని 58 దేశాలవారిని అడిగితే, అన్నిటికంటె ఎక్కువగా వచ్చిన జవాబు ఒక్కటే: కంట్లో కన్ను పెట్టి చూడడు. ఇంతమంది నమ్మిన ఈ గుర్తును డిపాలో బృందం 2003లో పరీక్షిస్తే, చూపు తిప్పుకోవడానికీ అబద్ధానికీ చెప్పుకోదగిన సంబంధమే కనిపించలేదు. ఇక మన ఇళ్ల సంగతి చూడండి. పెద్దలు మందలిస్తున్నప్పుడు కళ్లలోకి చూస్తే, "గుడ్లురుముతున్నావేమిరా?" అని మనమే కసరుతాము. తల వంచమని నేర్పేదీ మనమే, తల వంచితే దొంగ అనేదీ మనమే.

ముఖం మీద క్షణంలో ఇరవైయైదవ వంతు కాలం మెరిసి మాయమయ్యే సూక్ష్మభావాలు ఉన్నాయని, వాటిని చదవడం నేర్చుకోవచ్చునని అమెరికాకు చెందిన పాల్ ఎక్మన్ ప్రచారం చేశారు. ఆయనే ఒక హెచ్చరిక కూడా చేశారు. భయం కనబడవచ్చు, అది దేనికి కలిగిన భయమో ముఖం చెప్పదు. దొరికిపోతానన్న భయమూ, నన్ను నమ్మరేమో అన్న భయమూ ఒకేలాగ ఉంటాయి. దీనికి ఆయన ఒథెల్లో దోషం అని పేరుపెట్టారు. షేక్‌స్పియర్ నాటకంలో డెస్డిమోనా భయాన్ని చూసి ఒథెల్లో అది నేరమే అనుకొన్నాడు కదా. అమెరికా విమానాశ్రయాలలో ప్రయాణికుల వాలకం చూసి దుర్మార్గులను పట్టే పథకం ఒకటి 2007 నుండి నడిచింది. 2013లో ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయంవారు దానిని తనిఖీ చేసి, అప్పటికి 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని, ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారం లేదని, ఇక నిధులు తగ్గించడం మంచిదని వ్రాశారు.

ఇదంతా పాశ్చాత్యులు ఇప్పుడు కనిపెట్టినది అనుకోనక్కరలేదు. సాక్షి తడబడుతున్నా, పెదవులు నాకుతున్నా, నుదుట చెమట పట్టినా, ముఖం రంగు మారినా అనుమానించవలెనని యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది. దానికి మితాక్షర వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, అంటే చాళుక్యుల కాలంనాటి మనిషి, అక్కడ ఆగి ఒక మాట అంటాడు. ఇది దోషం ఉండవచ్చునన్న ఊహకు మాత్రమే, నిర్ణయానికి కాదు. సహజంగా వచ్చే వికారమేదో, కారణం వలన వచ్చినదేదో విడదీసి తెలుసుకోవడం కష్టం అని దాని భావం. ఆ ధర్మశాస్త్రాన్ని పదమూడవ శతాబ్దంలోనే కేతన తెలుగు చేశాడు. నేను తెలుగు పండితుల కుటుంబంలో పుట్టి కూడా 2001లో దానిని గుర్తుచేసుకోలేదు.

మన సర్వోన్నత న్యాయస్థానం 2010 మే 5న, కర్ణాటక రాష్ట్రానికి సంబంధించిన సెల్వి కేసులో, మనిషి ఇష్టం లేకుండా అబద్ధాలు పట్టే యంత్రం పెట్టకూడదని, మత్తుమందిచ్చి మాట్లాడించకూడదని తీర్పు చెప్పింది. యంత్రానికే ఆ అధికారం లేనప్పుడు ప్రధానోపాధ్యాయినికి ఎక్కడిది?

అందువలన ఆ పెద్దమనిషితో, "అయ్యా, నేను ముఖం చూడను. లెక్క చూస్తాను" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. మనవాడే కదా అని కాపాడుతున్నారని అన్నారు కూడా.

ఇక్కడ ఈ క్రిప్టో సంగతి నాకు అర్థమైనంతవరకు చెప్పాలి. పేరుకు నాణెం గాని చేతికి అందేదేమీ లేదు. ప్రపంచంలో వేల కంప్యూటర్లలో ఒకే లెక్కల పుస్తకం నకళ్లు ఉంటాయి. ఏ ఖాతా నుండి ఏ ఖాతాకు ఎంత వెళ్లిందో అందులో ఎక్కుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఎక్కిన పద్దును ఎవరూ కొట్టివేయలేరు. ఖాతా యజమాని పేరు మాత్రం ఉండదు. ఖాతాను తెరిచే తాళపుచెవి ఒక రహస్య సంఖ్య. అది పోతే తిరిగి తెచ్చుకోవడానికి పన్నెండో, ఇరవైనాలుగో మాటలు ఇస్తారు. ఆ మాటలు తెలిసినవాడే యజమాని. బ్యాంకులోలాగ మేనేజరు వద్దకు వెళ్లి మొరపెట్టుకోవడానికి లేదు.

ఇటువంటి చోట డబ్బు పోతే, అందరి కళ్లూ తాళపుచెవి పట్టుకొన్నవాని ముఖం మీదనే పడతాయి. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ టోక్యోలోని మౌంట్ గాక్స్ అనే సంస్థ. 2014 ఫిబ్రవరి 28న దాని అధిపతి, ఫ్రాన్సు దేశీయుడు మార్క్ కార్పెలెస్, జపాను పద్ధతిలో వంగి క్షమాపణ చెప్పాడు. ఖాతాదారులవి ఏడున్నర లక్షల బిట్‌కాయిన్లు, సంస్థవి మరొక లక్ష పోయాయన్నాడు. తరువాత రెండు లక్షలు పాత ఖాతాలో దొరికాయన్నాడు. ఇంత పోయినా తనకేమీ తెలియదంటే ఎవరు నమ్ముతారు? చాలామంది అతడే దొంగ అనుకొన్నారు. 2015 ఆగస్టులో అరెస్టు చేశారు. 2019 మార్చి 15న టోక్యో జిల్లా న్యాయస్థానం అతడు సొమ్ము అపహరించలేదని తేల్చింది. అయితే కంప్యూటరులోని పద్దులను తారుమారు చేసిన నేరానికి రెండున్నరేండ్ల శిక్ష వేసి, దానిని నాలుగేండ్లపాటు నిలిపి ఉంచింది. 2023 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఇద్దరు రష్యా దేశీయుల మీద, 2011 సెప్టెంబరు నుండి వారు సుమారు 6,47,000 బిట్‌కాయిన్లు ఆ సంస్థ నుండి దొంగిలించారని నేరారోపణ బయటపెట్టింది. ఆరోపణలే గాని ఇంకా రుజువు కాలేదు. కాని ఆ తేదీ చూడండి. క్షమాపణకు రెండున్నరేండ్ల ముందునుండే ఇల్లు కారుతున్నదన్నమాట. యజమాని రోజూ లెక్క సరిచూడలేదు. ఖాతాదారులకు బిట్‌కాయిన్ల రూపంలో తిరిగి చెల్లింపులు మొదలయ్యేసరికి 2024 జూలై వచ్చింది.

దీనికి విరుద్ధమైన ముఖం ఇంకొకటి ఉంది. ఎఫ్‌టీఎక్స్ అధిపతి శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్. చెదిరిన జుట్టు, పొట్టి లాగు, నలిగిన చొక్కా. ఇంత సాదా మనిషి మోసం చేస్తాడా అనిపించే రూపం. 2022 నవంబరులో సంస్థ కూలిన తరువాత కూడా పత్రికలవారి ముందు కూర్చొని, పొరపాటు జరిగిందని వినయంగా చెప్పుకొన్నాడు. ఖాతాదారులవి సుమారు 800 కోట్ల డాలర్లు తన మరొక వ్యాపారానికి మళ్లించాడని న్యాయస్థానంలో రుజువైంది. 2024 మార్చి 28న ఇరవైయైదేండ్ల శిక్ష పడింది. అతనిని పట్టించినది అతని ముఖం కాదు, లెక్కలూ, తోటివారి సాక్ష్యమూను.

మనుషులకే కాదు, తెరకూ ఒక ముఖం ఉంటుంది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే సంస్థనుండి 150 కోట్ల డాలర్ల సొమ్ము ఒక్కసారిగా పోయింది. ఉత్తర కొరియావారి పని అని అమెరికా దర్యాప్తు సంస్థ ప్రకటించింది. ఆ సొమ్ము కదలాలంటే పలువురు అధికారులు ఒప్పుకోవాలి. అందరూ తెర చూశారు. తెర మీద సరియైన వివరాలే కనబడ్డాయి, అందరూ ఒప్పుకొన్నారు. తెర వెనుక మాత్రం దొంగలు మార్చిపెట్టిన ఆదేశం ఉంది. ఆ సంస్థ ఖాతాదారుల సొమ్ముకు లోటు రాకుండా తాను పూడ్చుకొంది. అంతకు ముందు, 2024 జూలై 18న మన దేశంలోని వజీర్‌ఎక్స్‌లో సుమారు 23 కోట్ల డాలర్ల సొమ్ము పోయినప్పుడు, ఆ నష్టాన్ని ఖాతాదారులందరికీ పంచే ఏర్పాటు ముందుకు వచ్చింది. అంటే సొమ్ము పోనివాడూ భరించాలి. దీనిమీద ఒక ఖాతాదారు మన మద్రాసు హైకోర్టుకు వెళితే, 2025 అక్టోబరు 25న న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ గారు క్రిప్టో కరెన్సీ కూడా ఆస్తియే అని, నమ్మకం మీద ఒకరి కోసం మరొకరు దానిని ఉంచుకోవచ్చునని నిర్ణయించి, ఆ ఖాతాదారుకు తాత్కాలిక రక్షణ కల్పించారు. ఇతరుల సొత్తు పోయినందుకు ఈ ఖాతాదారు సొత్తు తీయడానికి వీలులేదన్నమాట.

దొంగ ఎవరు అన్నది ఒక ప్రశ్న. దొంగిలింపబడినదానికి జవాబుదారీ ఎవరు అన్నది వేరే ప్రశ్న. మనం ఎప్పుడూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాము. ధర్మశాస్త్రంలో నిక్షేపం అనే ప్రకరణం ఉంది. దాచిపెట్టమని ఇచ్చిన సొత్తును రాజు తీసినా, దైవవశాన నశించినా, దొంగలెత్తుకుపోయినా దాచినవాడు ఇచ్చుకోనక్కరలేదు. కాని అడిగినప్పుడు ఇవ్వక, ఆ తరువాత పోతే మాత్రం సొత్తూ ఇవ్వాలి, దండుగా కట్టాలి. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం కూడా, అప్పగింతగా తీసుకొన్న వస్తువును వివేకవంతుడు తన వస్తువును చూసుకొన్నంత జాగ్రత్తగా చూసుకోవాలంటుంది. అంత జాగ్రత్త తీసుకొన్నాడా అన్నదే అసలు ప్రశ్న.

మా గదిలో మేము అడిగినదీ అదే. మన పూర్వపు లెక్కల మాష్టారు, ఇప్పటి కంప్యూటరు టీచరు, నేను, మూడు సాయంకాలాలు కూర్చొన్నాము. యువకుడు ఒక నోటు పుస్తకం తెచ్చాడు. ఎవరు ఏ తేదీన ఎంత ఇచ్చారో అందులో ఉంది, బ్యాంకు పాసుపుస్తకంతో సరిపోయింది. కొన్న నాణేల సంఖ్య సరిపోయింది. అన్నీ ఒకే రాత్రి, పదకొండు నిమిషాలలో, అతడు అంతకుముందెన్నడూ లావాదేవీ జరపని ఖాతాకు వెళ్లాయి. అక్కడినుండి ముక్కలు ముక్కలుగా చెదిరిపోయాయి. ఖాతాను పునరుద్ధరించుకోవాలని వచ్చిన ఒక నకిలీ పేజీలో, కొన్ని వారాల ముందు, ఆ పన్నెండు మాటలూ తానే టైపు చేశానని చివరికి చెప్పాడు. ఆ మాటలు అడిగేవాడెవడైనా దొంగేనని మా కంప్యూటరు టీచరు పదవ తరగతి పిల్లలకు చెబుతూనే ఉంటారు. ఇతనికి ఎవరూ చెప్పలేదు.

తేదీలు వరుసగా వ్రాస్తుండగా లెక్కల మాష్టారు కలం ఆపి, "బాబూ, నాణేలు పోయింది ఏప్రిల్‌లో. నీవు వీరికి చెప్పింది ఎప్పుడు?" అని అడిగారు. పంతొమ్మిది రోజుల తరువాత. ఆ పంతొమ్మిది రోజులూ పాత నిలువ చూపే చిత్రాలనే వీరికి ఫోనులో పంపుతూ వచ్చాడు. ఆ మధ్యలో పాత్రల అంగడి పెద్దమనిషి ఇంట్లో పెళ్లి జరిగింది. ఈ యువకుడు వచ్చాడు, బంతిలో వడ్డించాడు, అందరితో ఫోటో దిగాడు. అబద్ధమాడుతున్న ఆ పంతొమ్మిది రోజులలో అతని ముఖంలో ఎవరికీ ఏమీ కనబడలేదు. నిజం చెప్పిన రోజున మాత్రం అందరికీ అబద్ధం కనబడింది.

పెద్దమనిషి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పెళ్లిలో నా పక్కనే నిలుచున్నాడు టీచరమ్మా" అన్నారు.

సైబరు నేరాలకు ప్రభుత్వం పెట్టిన 1930 నంబరు ఉంది. సొమ్ము పోయిన గంటలలో చెబితే కొంతైనా ఆపగలిగే అవకాశం ఉంటుంది. పంతొమ్మిది రోజుల తరువాత ఎవరేం చేయగలరు? కాబట్టి అతడు దొంగిలించాడని మేము తేల్చలేదు. అజాగ్రత్తతో తాళపుచెవి పోగొట్టాడనీ, పోయిన సంగతి దాచి మరింత నష్టం చేశాడనీ తేల్చాము. అది అతని చేతివ్రాతతోనే కాగితం మీద పెట్టించాము. నెలకు 8,000 చొప్పున తిరిగి ఇస్తానని సంతకం చేశాడు. ఇంతవరకు తప్పలేదు. కుటుంబాలవారిని కూడా నేను ఒక మాట అడగకపోలేదు: లక్షలు ఇస్తూ ఒక్క రసీదైనా ఎందుకు తీసుకోలేదని. మంచి పిల్లవాడులాగ కనిపించాడన్నారు. చూశారా, అక్కడా ముఖమే.

మూడు కుటుంబాలవారు ఒప్పుకొన్నారు. నాలుగవవారు పోలీసు ఫిర్యాదు ఇచ్చారు. అది వారి హక్కు, నేను కాదనలేదు. విచారణ రోజున నేను అతని వెంట వెళ్లాను. అధికారి మర్యాదస్తుడు. తమిళంలో ప్రశ్నలు వేశారు. మన పిల్లలకు బజారు తమిళం నీళ్లప్రాయం, వాదులాడగలరు, బేరమాడగలరు. కాని అప్పగింత, బాధ్యత, ఉద్దేశం వంటి మాటలు వచ్చేసరికి మనసులో తెలుగులో కూర్చుకొని, తమిళంలోకి మార్చుకొని చెప్పాలి. ఆ మధ్యలో రెండు క్షణాలు ఆలస్యం. "ఎందుకు తడబడుతున్నావు?" అని ఆయన మూడుసార్లు అడిగారు. నేను వివరించాను, ఆయన అర్థం చేసుకొన్నారు. నేను వెంట లేని పిల్లల సంగతి ఏమిటని దారి పొడుగునా ఆలోచించాను. ఈ ఏడాదినుండి పై తరగతులలో వారానికి ఒక గంట, ఆఫీసులో, బ్యాంకులో, స్టేషనులో మాట్లాడే తమిళం అభ్యాసం చేయిస్తున్నాము. తల్లిదండ్రులు కొందరు పరీక్షకు రాని పాఠం దేనికని అడిగారు. దేనికో ఇప్పుడు చెప్పాను.

ఆ యువకుడు నిజంగానే తీశాడా లేదా అని ఈ సభలో కూడా కొందరు నన్ను అడిగారు. నాకు తెలియదు. ఆ పుస్తకంలో ఖాతాలున్నాయి, పేర్లు లేవు. తెలియదని చెప్పడం ప్రధానోపాధ్యాయినికి అలవాటు లేని పని, ఈ వయస్సులో నేర్చుకొంటున్నాను.

బడిలో ఇప్పుడొక నియమం పెట్టుకొన్నాము. ఏ వస్తువు పోయినా, ఏ పిల్లవాడినైనా పిలిచే ముందు, ఆ రోజు పుస్తకాలన్నీ చూడాలి, ఆ రోజు సెలవు పెట్టినవారికి ఫోను చేయాలి. పిలిచినా ఒక్కరే అడగాలి, కూర్చోబెట్టి అడగాలి, తన భాషలో అడగాలి. కళ్లలోకి చూడమని అడగకూడదు. గత పది నెలలలో మూడు వస్తువులు పోయాయి. రెండు దొరికాయి, ఒక గడియారం దొరకలేదు. దొరకలేదని వ్రాసి ఊరుకొన్నాము.

ఈ ఉత్సవానికి 2001 నాటి పదవ తరగతివారందరికీ ఆహ్వానాలు పంపాము. టీసీ పుస్తకంలో ఉన్న పాత చిరునామాకు ఒకటి నేనే నా చేతితో వ్రాసి పంపాను. లోపల ఆహ్వానపత్రంతోపాటు ఒక ఉత్తరం, ఆ రోజు నగదు పుస్తకం పుటకు నకలు పెట్టాను. 2,160 రూపాయలు ఆఫీసులో వేరు కవరులో, ఆ పేరు మీద, ఇరవై యేండ్లకు పైగా అలాగే ఉన్నాయి. ప్రతి ఏటా తనిఖీలో ఆ కవరు ఎందుకుందని అడుగుతారు, ప్రతి ఏటా చెబుతాను. ఉత్తరం తిరిగి రాలేదు. జవాబూ రాలేదు. అతని తరగతివారు ఇక్కడ మూడవ వరుసలో కూర్చొని ఉన్నారు. మీలో ఎవరికైనా అతని జాడ తెలిస్తే, సభ ముగిసిన తరువాత నా గదికి ఒకసారి రావలసిందిగా కోరుతున్నాను. రాత్రి తొమ్మిది గంటలవరకు అక్కడే ఉంటాను.